గాజుతీగలో టపా

"నెట్ వస్తలేదు."

సంగారెడ్డిలో ఈ మాట వినబడని వీధి లేదు. పొద్దున్నే ఒక ఇంట్లో పుట్టిందంటే, పది నిమిషాలకు ప్రతి గడప మీదా ఒకరు నిలబడి ఉంటారు. "మీకొస్తున్నదా సారూ?" "మాకూ వస్తలేదమ్మా." నల్లా నీళ్ళు రానినాడూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు.

తెలుగు చెప్పుకొని బ్రతికేవాడిని గనుక నా కన్ను ముందు ఆ క్రియాపదం మీదనే పడుతుంది. నెట్ 'వస్తుంది', 'పోతుంది' అంటాము. అంటే మంజీరా నీళ్ళలాగే ఎక్కడో ఒక పెద్ద చెరువులో అది నిలవ ఉండి, గొట్టాల వెంట మన ఇంటిదాకా పారి వస్తున్నదని మనసులో ఒక బొమ్మ కట్టుకున్నామన్నమాట. అసలు సంగతి అది కాదు. అది నీళ్ళ కంటె టపాకు దగ్గర చుట్టం. నల్లా తిప్పితే నీళ్ళు ఒకవైపే వస్తాయి. టపాలో మాత్రం ఇక్కడినుంచి ఒక ఉత్తరం పోవాలి, అక్కడినుంచి జవాబు రావాలి. రెండింటి మీదా చిరునామా సరిగా ఉండాలి. సినిమా చూసేటప్పుడు కూడా మన టీవీ నిమిష నిమిషానికీ "ఇంతవరకు అందింది, తరువాతిది పంపండి" అని ఉత్తరాలు రాస్తూనే ఉంటుంది. మనకు కనిపించదు, అంతే.

ఈ తేడా తెలియకపోతే ఏమి మునిగిపోయిందని పాఠకులు అడగవచ్చు. మునిగే చోటు ఒకటి ఉన్నది. అది పటాన్‌చెరులో కర్మాగారాల వెనుకవైపున ఉన్నది. అక్కడికి పోయేముందు ఇంట్లో ఏమి జరుగుతున్నదో చూసి పోదాము.

ఇంటిలోపలి సంగతి

మాట వరుసకు ఒక మధ్యతరగతి ఇల్లు తీసుకుందాము. నాలుగు ఫోన్లు, ఒక టీవీ, పిల్లవాడి లాప్‌టాప్, గుమ్మం మీద ఒక కెమెరా. గోడకు తగిలించిన తెల్లపెట్టె రౌటర్. ఈ ఇంటికి అదే టపా కచేరీ.

ప్రతి యంత్రానికీ రెండు గుర్తులుంటాయి. ఒకటి పుట్టుమచ్చ వంటిది. కర్మాగారంలోనే వేసి పంపుతారు. దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు. (ఈ మధ్య ఫోన్లు తమ జాడ ఎవరూ పట్టకుండా పుట్టుమచ్చను కూడా మార్చుకొని తిరుగుతున్నాయి. కాలం అట్లా వచ్చింది!) రెండవది ఐపీ అడ్రస్. ఇది ఉన్న చోటును బట్టి ఇచ్చేది. మీ ఫోన్ ఇంట్లో అడుగుపెట్టగానే "నేను వచ్చాను, నాకొక నంబరు ఇప్పించండి" అని ఒక కేక వేస్తుంది. రౌటర్ తన పట్టీ చూసి ఖాళీగా ఉన్న నంబరు ఒకటి ఇస్తుంది. సత్రంలో గది ఇచ్చినట్లే. గడువు తీరి మీరు రాకపోతే ఆ గది మరొకరికి పోతుంది.

వింత ఏమిటంటే, ఇంటిలోపలి ఈ నంబర్లు చాలా ఇళ్ళలో ఒకటే. 192.168 అని మొదలయ్యే నంబరు మా ఇంట్లోనూ ఉన్నది, అమెరికాలో స్థిరపడిన మా బంధువుల ఇంట్లోనూ ఉన్నది. ఇల్లు దాటి బయటికి పోయేటప్పుడు మాత్రం ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే నంబరు. ఉమ్మడి కుటుంబానికి ఇంటి నంబరు ఒకటే అయినట్లు. ఎవరు ఎవరికి రాశారో రౌటర్ గుర్తుపెట్టుకొని, జవాబు రాగానే పెదనాన్నది పెదనాన్నకు, పిల్లవాడిది పిల్లవాడికి అందిస్తుంది. ఈ ఏర్పాటు ముచ్చటపడి చేసినది కాదు; నంబర్లు చాలక చేసినది. మొదట ఏర్పరచిన పద్ధతిలో మొత్తం నంబర్లు 429 కోట్లు. అప్పుడు అవి ఎన్ని తరాలకైనా సరిపోతాయనుకున్నారు. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ భాండాగారంలోని కట్టలన్నీ పంపకమైపోయినాయి. ఐపీవీ6 అనే కొత్త పద్ధతిలో నంబర్లకు కొదవ లేదుగాని, పాతది ఇంకా పోలేదు. రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి, నయాపైసలు వచ్చిన తొలిరోజుల్లో అణాలూ చెల్లినట్లు.

ఇక వైఫై. గాలిలో తీగ లేదు గనుక అందరిదీ ఒకే బాట. ఇద్దరు ఒక్కసారి మాట్లాడితే ఇద్దరి మాటా చెడిపోతుంది. అందుకని ప్రతి యంత్రమూ మాట్లాడేముందు చెవి పెట్టి వింటుంది. ఎవరూ మాట్లాడడం లేదనుకుంటే మొదలుపెడుతుంది. మాట చెడిపోయిందని తెలిస్తే కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఆ 'కాసేపు' ఎంతో ఎవరికి వారు చీటీ తీసినట్లు నిర్ణయించుకుంటారు. లేకపోతే ఇద్దరూ సరిగ్గా ఒకే క్షణాన మళ్ళీ మొదలుపెడతారు. మా అధ్యాపకుల గదిలో ఈ పద్ధతి ప్రవేశపెట్టవచ్చునా అని నాకు అప్పుడప్పుడు ఆశ పుడుతుంది. 1971లో హవాయి దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లను కలిపిన అలోహానెట్ ఇట్లా తంటాలు పడే మొదలైంది. అదే ఆలోచనను 1973లో జిరాక్స్ పరిశోధనశాలలో బాబ్ మెట్కాఫ్ తీగ మీదికి తెచ్చి ఈథర్నెట్ అని పేరు పెట్టినాడు.

కాబట్టి, నెట్ లేదన్నప్పుడు వీధిలోకి పరుగెత్తేముందు తెల్లపెట్టె మీది దీపాలు చూడడం మంచిది. గాజుతీగ కనెక్షనులో ఎల్.ఓ.ఎస్. అనే ఎర్రదీపం వెలుగుతూ ఉంటే బయటినుంచి వెలుతురు రావడం లేదని అర్థం; తీగ ఎక్కడో తెగింది. ఇంట్లో ఎంతమంది ఎన్నిసార్లు స్విచ్ ఆపి వేసినా లాభం లేదు. ఎర్రదీపం లేకుండా ఒక గదిలోనే నెట్ ఆడకపోతే దోషం ఇంట్లోదే. గోడ అడ్డం కావచ్చు, వంటింటి మైక్రోవేవ్ కావచ్చు. వైఫై వాడే గాలిబాటల్లో ఒకదాన్ని ఆ పొయ్యి కూడా వాడుకుంటుంది.

ముక్కలు చేసి పంపడం

పూర్వం టెలిఫోను ఎక్స్‌చేంజీలో ఇద్దరు మాట్లాడుకుంటున్నంతసేపూ ఆ తీగ వారిద్దరిదే. మధ్యలో మౌనంగా ఉన్నా మరొకరికి లేదు. కంప్యూటర్ల మాటలు అట్లా ఉండవు. ఒక క్షణం వరద, మరుక్షణం ఎండ. 1960ల్లో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవీస్ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఒకే ఉపాయం కనిపెట్టినారు. సందేశాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్క మీదా చిరునామా, వరుసనంబరు వేసి వదిలిపెట్టడం. ఒక పెద్ద పుస్తకాన్ని కార్డుల మీద రాసి, ఒక్కొక్క కార్డూ డబ్బాలో వేసినట్లు. ఒకటి నాందేడు మీదుగా పోవచ్చు, మరొకటి షోలాపూరు మీదుగా పోవచ్చు. చేరినచోట వరుసపెట్టుకుంటారు. పదిహేడవది రాలేదంటే దాన్ని మాత్రం మళ్ళీ పంపమంటారు. ఈ ముక్కకు డేవీస్ పెట్టిన పేరే పాకెట్. మన ఇళ్ళలో తిరిగే ముక్క సాధారణంగా 1500 అక్షరాలకు మించదు. అక్షరాలంటే ఇంగ్లీషువి సుమా! తెలుగు అక్షరాలకు చోటు ఎక్కువ కావాలి. ఒక్క 'క' రాయడానికి మూడు ఇంగ్లీషు అక్షరాల చోటు పడుతుంది. తెలుగు మాస్టరుగా ఇది నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

1969 అక్టోబరు 29న లాస్ ఏంజిలిస్ విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు మొదటి సందేశం పంపబోయినారు. 'లాగిన్' అని కొట్టవలసి ఉండగా ఎల్, ఓ అనే రెండు అక్షరాలు చేరేసరికి అవతలి యంత్రం కుప్పకూలింది. ఆ తరువాత 1983 జనవరి 1న ఆ వలలోని యంత్రాలన్నీ ఒకే ఒడంబడికకు మారినాయి. వింటన్ సర్ఫ్, రాబర్ట్ కాన్ రూపొందించిన ఆ ఒడంబడికే టీసీపీ/ఐపీ. తీగ రాగిదా, గాజుదా, రేడియోదా అన్నది ఆ ఒడంబడికకు అక్కరలేదు. చిరునామా ఎట్లా రాయాలి, ముక్కలకు వరుస ఎట్లా వేయాలి, పోయినదాన్ని ఎట్లా అడగాలి – ఇంతే దాని విషయం. ఎవరి ఇంటి భాష ఏదైనా, కార్డు మీద చిరునామా రాసే తీరు ఒకటైతే టపా నడుస్తుంది.

మా దారిన

మన దేశంలో 1986లో ఎర్నెట్ పేరుతో విద్యాసంస్థలను కలపడం మొదలైంది. ఐదు ఐఐటీలు, బెంగుళూరు విజ్ఞాన సంస్థ వగైరా కలిసి ఎనిమిది. హైదరాబాదుకు ఆ మొదటి పంక్తిలో విస్తరి పడలేదు. సామాన్యులకు ఇంటర్నెట్ అందినది 1995 ఆగస్టు 15న, అప్పటి ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగం ద్వారా. అదీ మహానగరాలకు ముందు.

మా సంగారెడ్డి ప్రాంతానికి ఈ కథలో సొంత అధ్యాయం ఉన్నది. పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ మెట్టపంటల పరిశోధన సంస్థ. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ దాని లోకం. 2000 తరువాత ఆ సంస్థ మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకులలో మహిళా సంఘాల సమాఖ్యతో కలిసి ఒక సమాచార కేంద్రం నడిపింది. తీగ పోని ఊరు గనుక ఉపగ్రహం గొడుగుతో కలిపినారు. వాన ఎంత పడింది, చెరువులో నీరెంత, ఏ ఊరికి కరువు ముప్పు ఎక్కువ అన్న లెక్కలు పటాన్‌చెరు నుంచి అక్కడికి పోయేవి. అక్కడి స్త్రీలు వాటిని ఊరి భాషలో ఊరికి చెప్పేవారు. నాకు ఇందులో నచ్చినది ఆ చివరి మజిలీ. గొడుగు దాకా యంత్రం పని. గొడుగు నుంచి గుడిసెదాకా మనిషి పని.

తరువాత 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో ఐఐటీ హైదరాబాదు మొదలై, 2015లో కందికి చేరింది. ఫోన్ల 5జీ పద్ధతికి స్వదేశంలో తయారైన పరీక్షావేదికను 2022 మే నెలలో ప్రారంభించినారు. దాన్ని నిర్మించిన సంస్థల్లో మా కంది ఐఐటీ ఒకటి. ఇటు పల్లెలకు మిషన్ భగీరథ నీటిగొట్టాల కోసం తవ్విన కందకాల్లోనే గాజుతీగ వేసే పథకం టీ-ఫైబర్. 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా సేవలు మొదలైన ఊళ్ళలో మా జిల్లా అందోలు మండలం సంగుపేట ఉన్నది. ఇంట్లో టీవీనే కంప్యూటరుగా వాడుకొనే వీలు కల్పించినారు. నల్లా నీళ్ళూ నెట్టూ ఒకటేననుకొనేవారిని ఇక తప్పుపట్టడం కష్టమే, రెండూ ఒకే కందకంలో పడుకున్నాయి మరి!

ఆ గాజుతీగ సంగతి ఒక్క ముక్క. వెంట్రుకంత తీగలో వెలుతురు నడిచే నాళం మిల్లీమీటరులో నూరోవంతు కంటె సన్నం. వెలుతురు అందులో సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. సంగారెడ్డి నుంచి బొంబాయికి సెకనులో వెయ్యోవంతులు మూడు చాలు. వీధి చివర ఒక చిన్నపెట్టె ఒకే తీగలోని వెలుతురును 32 ఇళ్ళకు పంచగలదు. దానికి కరెంటు కూడా అక్కరలేదు. బొంబాయి, మద్రాసు తీరాల నుంచి ఇటువంటి తీగలే సముద్రం అడుగున ఖండాలు దాటుతాయి. 2008 జనవరి 30న ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర రెండు తీగలు తెగితే ఇక్కడ హైదరాబాదులో పనులు కుంటుపడినాయి. మా బొంబాయి రోడ్డు మీద మట్టితవ్వే యంత్రం కనబడితే మా వీధివాళ్ళకు గుండె దడ పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

పటాన్‌చెరు కడ్డీ

ఇప్పుడు పటాన్‌చెరు. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలలో మందులు, రసాయనాల కర్మాగారాలు పెరిగినాయి. వాటి మురుగు నక్కవాగులోకి, నక్కవాగు నుంచి మంజీరాలోకి. పొలాలు చెడినాయి, బావులు చెడినాయి. డాక్టర్ అల్లాణి కిషన్‌రావు వంటివారు దశాబ్దాలపాటు పోరాడినారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయింది. ఉమ్మడి శుద్ధి కర్మాగారం వచ్చింది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఆ శుద్ధి కర్మాగారం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని ప్రకటించినారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదాని కంటె అది ఎక్కువ.

2014 ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఒక ఉత్తర్వు చేసింది. ఎక్కువ కాలుష్యం కలిగించే 17 రకాల పరిశ్రమలు – మందులవి అందులో ఉన్నాయి – తమ మురుగు, పొగ కొలతలను రాత్రింబవళ్ళు నెట్ ద్వారా మండలికి పంపుతూ ఉండాలి. అంటే మన ఇంట్లో టీవీ, ఫోన్ చేరినట్లే పటాన్‌చెరు మురుగుకాలువ కూడా వలలో చేరిందన్నమాట.

అది ఎట్లా చేరుతుందో పాశమైలారంలో కొలత పరికరాల విభాగంలో పనిచేసే మా పూర్వ విద్యార్థి ఒకడు నాకు వివరించినాడు. తొట్టిలో ఒక కడ్డీ ముంచి ఉంటుంది. నీటి పులుపును, అంటే పీహెచ్‌ను బట్టి అది తీగలో విద్యుత్తు పంపుతుంది. 4 మిల్లీ ఆంపియర్లు అంటే సున్న, 20 అంటే 14. మంచినీళ్ళ వంటి 7 ఉంటే సరిగ్గా 12. సున్నను సున్నతోనే చెప్పక 4తో ఎందుకు చెప్పాలని అడిగాను.

"తీగ తెగితే సున్ననే కద సార్ వచ్చేది. కొలత సున్ననా, తీగ తెగిందా ఎట్ల తెలుస్తది?"

'లేదు' అనే జవాబు వేరు, జవాబే లేకపోవడం వేరు. ఎంత సూక్ష్మమైన వ్యాకరణం! అక్కడినుంచి ఆ కొలత ఒక చిన్నపెట్టెలో అంకెగా మారి, ముక్కగా కట్టబడి, ఫోనులో ఉండేటటువంటి సిమ్ కార్డు ద్వారా మండలి సర్వరుకు పోతుంది. ప్రతి ముక్కతోపాటు ఒక సరిచూపు అంకె కూడా ఉంటుంది. కిరాణా చిట్టా కింద మొత్తం వేసినట్లు. దారిలో ఏ అక్షరం చెదిరినా మొత్తం కుదరదు, ముక్కను పారవేస్తారు.

నాకు ఒక సందేహం వచ్చింది. "ఆ కడ్డీని ఎవరైనా తీసి మంచినీళ్ళ బకెట్టులో పెడితే?"

వాడు నవ్వినాడు. "బకెట్ల పెడితే బకెట్ లెక్కనే పోతది సార్. నెట్‌కు ఏమెరుక?"

సరిచూపు అంకె సరిచూసేది దారిని మాత్రమే. బయలుదేరిన అంకె బయలుదేరినట్లే చేరిందా అని చూస్తుంది. బయలుదేరినప్పుడే అది నిజమా అని అడగదు. కడ్డీకి మడ్డి పట్టినా అంతే. అందుకే మా శిష్యుడు దాన్ని కడిగి, పీహెచ్ 4, 7 అని ముందే తెలిసిన ద్రావకాల్లో ముంచి సరిచేస్తూ ఉంటాడు. మండలివారు తెరమీద అంకెలు పచ్చగా ఉన్నాయని ఊరుకొనే వీలు లేదు. సీసా పట్టుకొని మనిషి తొట్టిదాకా పోవలసిందే. వాగు పక్కన బావి ఉన్న రైతుకు తెర మీది పచ్చరంగు కంటె ఆ సీసాతో వచ్చిన మనిషే కావాలి. నెట్ నల్లా నీళ్ళ వంటిదనుకుంటే ఇక్కడ మోసపోతాము. శుద్ధి చేసి పంపిన నీరు కాబట్టి శుభ్రంగానే ఉంటుందని నల్లాను నమ్ముతాము. టపా బంట్రోతు మాత్రం కవరు చించి చూడడు. చూడకూడదు కూడా.

ఈ సంగతి కర్మాగారాలకే పరిమితం కాదు. బ్యాంకు పేజీ తెరిచినప్పుడు కొన్ని బ్రౌజర్లలో పక్కన చిన్న తాళం బొమ్మ ఉంటుంది. చాలామంది విద్యావంతులు కూడా దాన్ని చూసి "తాళం ఉన్నది, మంచివాళ్ళే" అంటారు. ఆ తాళం చెప్పేది, ఫలానా పేరుగల చిరునామాకే మీ కవరు పోతున్నది, దారిలో ఎవరూ విప్పలేరు అని. ఆ చిరునామాలో కూర్చున్నది దొంగ అయితే మీ మాట భద్రంగా దొంగకు చేరుతుంది. బ్యాంకు పేరులో ఒక్క అక్షరం మార్చి పెట్టుకున్నవాడికి కూడా తాళం దొరుకుతుంది. పోలీసు దుస్తుల్లో వీడియోలో కనబడి "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాము" అని పింఛనుదారులను బెదిరించేవాడి బొమ్మను కూడా నెట్ ఒక్క చుక్క చెదరకుండా తెచ్చి చూపిస్తుంది. అటువంటి అరెస్టు మన చట్టంలో లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే సొమ్మును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇక గుమ్మం మీది కెమెరా. 2016 అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటలకొద్దీ అందకుండా పోయినాయి. పేర్లను నంబర్లుగా మార్చి చెప్పే ఒక సంస్థ మీద ప్రపంచం నలుమూలల నుంచి దొంగ ఉత్తరాల వాన కురిసింది. అవి పంపినవాటిలో చాలాభాగం ఇళ్ళలోని కెమెరాలు, రౌటర్లు. కర్మాగారంలో పెట్టిన పాస్‌వర్డును యజమానులు మార్చలేదు, ఎవడో దూరి వాటిని కూలికి పెట్టుకున్నాడు. తమ కెమెరా ఆ రోజు ఏ పనికి పోయిందో ఆ యజమానులకు తెలియనే తెలియదు.

ఇది చదివిన రోజునే మా ఇంటి రౌటర్ పాస్‌వర్డులు రెండూ మార్చివేశాను, లోపలి ఏర్పాట్లదీ, వైఫైదీ. మార్చగానే నాలుగు ఫోన్లు, టీవీ, కెమెరా అన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. టీవీలో సీరియల్ సరిగ్గా రసపట్టులో ఉన్నది. లోపలినుంచి కేక వినబడింది: "నెట్ వస్తలేదు!"